వేసవిలో చేసిన పంపకం

వీధిలో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చేసి, తమ్ముడి సంసారంలో చాలాకాలం నోరు కట్టుకుని నెట్టుకొచ్చింది. చివరికి ఒకనాడు ధైర్యం చేసి నాన్నను పొలంలో సగం అడిగింది.

"ఒక్క పంట చేసి చూపించు. నీ కాళ్ల మీద నువ్వు నిలబడితే ఆ సగం నీది, మోటారు గదిలో నీ పొయ్యి నువ్వు పెట్టుకో. లేదా, మళ్లీ ఈ ఊసెత్తకు," అన్నాడు నాన్న.

ఆ ఇంట్లో పంపకానికి ఒక పద్ధతి ఉంది. ఒకరు రెండు ముక్కలు చేయాలి, రెండోవారు ఏరుకోవాలి. ఏరుకున్నాక పెదవి విప్పకూడదు. నడివేసవి మధ్యాహ్నం తమ్ముడు తాడు లాగి పొలం మధ్యన గట్టు వేశాడు. పెద్దక్క దక్షిణపు ముక్క ఏరుకుంది. కాలువ నీళ్లు ముందు దానికే అందుతాయి, బాట కూడా దగ్గరే. దాని దక్షిణపు చివర, పొలం అవతల, ఎవరో అప్పుడే కట్టి ముగించిన గిడ్డంగి తాటిచెట్టంత ఎత్తున నిలబడి ఉంది. ఆ మిట్టమధ్యాహ్నం దాని నీడ గోడ మొదట్లో కుక్కపిల్లలా ముడుచుకుని పడుకుంది. దాన్నెవరు పట్టించుకుంటారు?

చలి మొదలయ్యాక అక్కాతమ్ముళ్లు గోధుమ చల్లారు. పొద్దు దక్షిణానికి వాలేకొద్దీ ఆ నీడ లేచి ఒళ్లు విరుచుకుంది. రోజుకింత పాకి, గట్టు దాకా వచ్చి ఆగింది. తమ్ముడి చేలో ఎండ, పెద్దక్క చేలో పొద్దస్తమానం సాయంత్రమే.

అయినా మొదట్లో ఆమెకు బెంగ లేదు. తమ్ముడి చేను కన్నా తన చేనే ఎత్తుగా, ముదురు పచ్చగా లేచింది. మరదలు గట్టు మీద నిలబడి బుగ్గ నొక్కుకుంది.

"ఏం పెడుతున్నారు వదినా, మాకు చెప్పకుండా? దీని పక్కన మా చేను పస్తులున్నట్టుంది!"

పెద్దక్క పకపకా నవ్వింది. పుట్టింటికి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు. ఆ సంబరంలో ఇంకో విడత యూరియా కూడా చల్లింది.

చేను పొట్టకొచ్చే వేళ ఎరువుల కొట్టతను అటుగా వచ్చాడు. ఒక ఆకు తుంచి వేలి మీద పరిచాడు. పల్చటి ఆకులోంచి వేలు లీలగా కనిపించింది.

"ఇది బలం కాదమ్మా, ఆకలి. ఆకు వంట చేసేది ఎండతోనే. ఆ ఎండ చాలక దోసిలి పెద్దది చేసి పట్టింది, కాడ సాగదీసి వెతుక్కుంది. ఇక గింజకు పెట్టడానికి ఏం మిగులుతుంది?"

"ఇంకాస్త ఎరువు వేస్తే?"

"పొయ్యి వెలగనప్పుడు గిన్నెలో ఎంత పోస్తే ఏం లాభం?"

పొద్దు మళ్లీ పైకెక్కి ఎండ చేలోకి వచ్చేసరికి, కంకికి ఎన్ని గింజలో ఎప్పుడో తేలిపోయింది. ఒక మోస్తరు గాలికే ఆ సన్నటి కాడలు చాపలా పరుచుకుపోయాయి.

నూర్చి తూర్పారబడితే, నిలిచినదాని కన్నా గాలికి పోయిందే ఎక్కువ. నిలిచింది కూడా నొక్కుకుపోయిన తాలు. నాన్న గుప్పెడు తీసుకుని, చూసి, వేళ్ల సందుల్లోంచి వదిలేశాడు.

తమ్ముడు నేలచూపులు చూస్తూ, "ఒక్క ఏడాది ముక్కలు మార్చుకుందామా అక్కా?" అన్నాడు.

మరదలు చేట కింద పెట్టింది. "మార్చుకుని మనం నీడ తిందామా? ఏరుకుంది ఆవిడేగా!"

"అవును, అదే ఏరుకుంది," అన్నాడు నాన్న.

పెద్దక్క తాలును గోనెలోకి ఎత్తింది. తమ్ముడు మోసం చేసినా బాగుండేది అనిపించింది. తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

తొలకరికి ముందే తమ్ముడు ట్రాక్టరు తెచ్చి గట్టు దున్నేశాడు. పెద్దక్క ఆశకొద్దీ ముందే మోటారు గదిలో చేర్చుకున్న చాప, రెండు గిన్నెలు వెనక్కి తెచ్చుకుంది. మరదలికి ఆమె మీద కోపమేమీ లేదు. వంటింటి వెనక గది ఊడ్చి, దుప్పటి కూడా ఉతికి పెట్టింది.

"రేపట్నుంచి పాలు మీరు పితకండి వదినా. నాకు నడుం పట్టేస్తోంది."

"సరే," అంది పెద్దక్క.