తలకిందుల ఊరిలో మా నాయన

పెనుకొండకు నాలుగు మైళ్ళ దూరంలో, రైలు కట్టకు ఆనుకుని ఉన్న పల్లె మాది. మా నాయన పెద్దింట్లో జీతగాడు. తాత చేసిన అప్పు కింద పదకొండేళ్ళ వయసులో ఆ ఇంటికి పోయాడు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి అక్కడ ఇరవై రెండేళ్ళు నిండాయి. తెల్లవారకముందే పోయేవాడు, మేం పడుకున్నాక వచ్చేవాడు. కోతల కాలంలో అదీ లేదు, వాళ్ళ పశువుల కొట్టంలోనే పడక. అప్పటిదాకా పగటి వెలుతురులో ఆయన మా గుడిసెలో కూర్చుని ఉండగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ ఏడు వైశాఖంలో విత్తనానికి శనక్కాయలు వలవడానికి పెద్దింటి వసారాకు పోయాం. నాయన తల్లి అయిన మా అవ్వనూ నన్నూ కలుపుకుంటే పద్నాలుగు మందిమి. మేం పప్పులు నోట్లో వేసుకుంటామని పెద్దింటామెకు అనుమానం. అందుకని ఒక నియమం పెట్టింది. ఒకరు కథ చెప్పాలి, మిగిలిన పదమూడు మందీ మాట మాటకూ జవాబు పలకాలి.

"ఊఁ అంటే ఒప్పుకోను. నోరు మూసుకోని కూడా ఊఁ అనొచ్చు. నోరు తెరిచి ఆఁ అనల్ల" అంది.

కథ చెప్పే పని అవ్వకు పడింది.

"ఒక ఊరుండాది. ఆడ అంతా తలకిందులు. గుడిసెలోళ్ళు మంచాల మింద కూర్చుంటారు, మిద్దెలోళ్ళు పేడ ఎత్తుతారు."

"ఆఁ" అన్నాం.

"మిద్దెలోళ్ళకు ఎండ తెలీదంట. నెయ్యి తాగి పెరిగిన ఒళ్ళు గదా, ఎండ జారి కింద పడిపోతాదంట."

"ఆఁ."

"వాళ్ళను పనిలేకుండా ఇడిస్తే చెడిపోతారేమో అని గుడిసెలోళ్ళకు ఒకటే దిగులు. పాపం, వాళ్ళ మేలు కోరి పొద్దుగూకేదాకా పని చెప్తాంటారు."

ఈసారి ఆఁ అనబోయి అందరం నవ్వాం. పెద్దింటామె కూడా నవ్వింది. "ఏమే ముసిల్దానా, పండ్లూడినా నీ నాలుక మాత్రం ఊడలేదే" అంది. కథ ఆపమని మాత్రం అనలేదు. అవ్వ ఆగితే పప్పులు తగ్గుతాయని ఆమె భయం.

నేను అడిగాను: "అవ్వా, ఆ ఊర్లో నాయన ఏం చేస్తాంటాడు?"

"మీ నాయనా? మనింట్లో మద్యానం సంగటి తిని, చాప మింద పండుకోనుండాడు. లేపొద్దు."

కాయల పని పదకొండు రోజులు సాగింది. మొదటి ఎనిమిది రోజులూ ఆ ఒక్క ముక్క నేను అడిగి చెప్పించుకున్నాను. ఎనిమిదో రోజు సోమవారం. అవ్వ కథలో పెద్దింటాయన చేత కుడితి తొట్టి కడిగిస్తూ ఉండగా పెద్దింటామె మధ్యలో అడిగింది.

"అయితే ఆ ఊర్లో మా ఆయన్ని ఎన్నడూ ఇంటికి పంపరా మీరు?"

అవ్వ తల ఎత్తకుండా మూడు కాయలు వలిచింది.

"పంపకుండా ఎట్లుంటామమ్మా. వారానికి ఒక పూటన్నా పంపుతాం. ఇంటి కాడ పిల్లలుండారు గదా."

పెద్దింటామె నా వైపు చూసింది. "రేపు మద్యానం పంపిస్తాలే. ఒక్క పూటే" అని లోపలికి పోయింది.

మంగళవారం ధర్మవరం పోయే ప్యాసింజరు వెళ్ళిన కాసేపటికి నాయన వచ్చాడు. అవ్వ నన్ను ఆ పూట పనికి పోనీయలేదు, తనూ పోలేదు. ఆయన వాకిట్లోనే ఆగి, తలుపు ఇంత పొట్టిగా ఉందేమని అవ్వను అడిగాడు. లోపలికి వచ్చి "నీళ్ళు యాడుండాయి?" అన్నాడు. ఇన్నేళ్ళూ చీకట్లో ఎవరో ఒకరు చెంబు చేతికి ఇచ్చేవాళ్ళు. కడవ ఏ మూల ఉందో ఆయనకు తెలియదు.

సంగటి, ఊరుబిండి పచ్చడి తిన్నాడు. నేను చాప పరిచాను.

"పండుకో నాయనా."

"పండుకుంటాలేమ్మా. ఆ వసారాలో దినామూ అంత నగుతాండారు, ఏం కతమ్మా అది? కొట్టం దాకా ఇనపడతాంది."

చాప మీద కూర్చున్నాడు. నేను అంతా చెప్పాను. నెయ్యి ఒంటి మీద ఎండ జారిపోయే చోట కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. తర్వాత అడిగాడు.

"మరి ఎద్దుల్ని ఎవరు చూస్తారు ఆడ?"

"పెద్దింటాయన."

నవ్వు పోయింది. "ఆయన చేత యాడైతాది? ఎర్రెద్దు ఆయన్ని దగ్గరికే రానీదు. తొట్టి ముందర పెట్టినా తాగకుండా నిలబడిపోతాది." వాకిట్లో ఎండ వైపు చూశాడు. తుండు భుజాన వేసుకున్నాడు.

"ఒక్క పూట అన్యారు గదా నాయనా, పూట కాలేదు."

"మళ్ళొస్తాలేమ్మా."

హిందూపురం బండి ఆయన పోయిన తర్వాత వచ్చింది. పెద్దయ్యాక పెనుకొండ స్టేషన్‌లో అడిగి తెలుసుకున్నాను, అప్పట్లో ఆ రెండు బండ్ల మధ్య వ్యవధి రెండు గంటల పది నిమిషాలు. నాయన మా ఇంట్లో ఉన్నది అంతకన్నా తక్కువే. మరుసటి రోజు వసారాలో నేను ఆ ముక్క అడగలేదు. అవ్వ కూడా చెప్పలేదు.

పదమూడేళ్ళ తర్వాత జీతగాళ్ళను విడిపించే చట్టం వచ్చి నాయన ఆ ఇంటి నుంచి బయటపడ్డాడు. అప్పటికి నేను ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికి కోడలిని. ఆయన్ని మా దగ్గరికే తెచ్చుకున్నాం. పంతొమ్మిదేళ్ళు ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం కాగానే లేచి, "అట్ల చూసొస్తా" అని వీధిలోకి పోయేవాడు. చూడడానికి ఆ వీధిలో ఒక్క పశువూ లేదు. వెనక నుంచి పిలవాలనిపించేది. పిలిస్తే వస్తాడు, కూర్చుంటాడు, పడుకోడు. అందుకని పిలిచేదాన్ని కాదు.

ఇప్పుడు నాకు డెబ్బై రెండేళ్ళు, హిందూపురంలో ఉంటున్నాను. అవ్వ కథను పొడుగు నోటు పుస్తకంలో రాస్తున్నాను. ముప్ఫై పేజీలు ఆగకుండా వచ్చాయి. ముప్ఫై ఒకటో పేజీలో నాయన్ని మా ఇంట్లో చాప మీద పడుకోబెట్టాలి. ఎద్దుల్ని పెద్దింటాయనకు అప్పగించి రాశాను, నాయన లేచి వెళ్ళిపోయాడు. పెద్దింటాయన కొడుక్కి అప్పగించి రాశాను, అప్పుడూ లేచి పోయాడు. పోయిన గురువారం ఆ పేజీ చించేసి, ఎద్దులు రెండింటినీ తోలుకొచ్చి మా గుడిసె ముందే కట్టేశాను. మేత వేశాను, తొట్టి నింపాను. ఎర్రెద్దు తాగింది. నాయన గడప లోపలి నుంచి దాన్ని చూస్తున్నాడు. చాప పరిచే ఉంది. ఆయన ఇంకా పడుకోలేదు.