అత్తగారి పేరూ, పక్కింటి పెద్దాయనా

ఫోన్ మోగితే నాకు గుండె దడ. ఇండియాలో ఎవరికేమయిందో అని. మొన్న పొద్దున ఫోన్ పెట్టేసి మా కోడలు నా పక్కన కూర్చుని, "అత్తయ్యా, కంగారుపడకండి. పక్కింటి పెద్దాయన పోయారట, నిద్రలోనే" అంది. కంగారుపడకండి అన్నాక ఎవరు పడకుండా ఉంటారు?

అమెరికాలో మన ట్రాయ్ ఊరి తెలుగువాళ్ళలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. మా ఇంటి దీపావళికి ఏటా వచ్చి కాకరపువ్వొత్తి పట్టుకు నిలబడే ఎర్రమొహం మనిషి. కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. భార్య ముందే పోయింది, పిల్లల్లేరు. తాతల కాలంలో స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్ళట. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను, తప్పులుంటే సర్దుకోండి.

వచ్చిన కొత్తలో నాకు అన్నీ భయాలే. బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చచేసే ఫర్నేస్ బుస్సుమంటే ఇల్లు పేలిపోతుందని బయటికి పరుగెత్తేదాన్ని. ఆయన మంచు తవ్వుతున్న పార పక్కన పెట్టి, నవ్వకుండా లోపలికొచ్చి, ఫర్నేస్ మీద చెయ్యి వేసి చూపించి వెళ్ళేవారు. మనవరాలి నోట విని, నాకంటే పెద్దవారై ఉండీ, నన్ను నానమ్మా అనేవారు.

ఆయనకి పేర్ల పిచ్చి. మా వంటింట్లో టీ తాగుతూ చెబుతుంటే కోడలు నాకు తెలుగులో చెప్పేది. వాళ్ళ ఇంటిపేర్ల ముందుండే మాక్ అంటే కొడుకట. ఫలానావాడి కొడుకు అన్నదే ఇంటిపేరై కూర్చుందట. క్యాంప్‌బెల్ అంటే వంకరమూతి, కామెరాన్ అంటే వంకరముక్కు. ఎవరో ఒక తాతకి ముక్కు వంకరైతే చక్కని ముక్కున్న మనవలంతా మోస్తున్నారని ఆయన నవ్వేవారు. వాళ్ళు వంశాన్ని క్లాన్ అంటారు, ఆ మాటకి పిల్లలనే అర్థమట. అయినా అందరిదీ ఒక నెత్తురు కాదట, దిక్కులేనివాళ్ళు బలమున్న దొర పంచన చేరి ఆయన పేరే పెట్టుకునేవారట. "పేరు గొడుగు లాంటిది నానమ్మా, వానలో ఎవరూ చుట్టరికం అడగరు" అన్నది ఆయన మాట.

తాతల పేర్లు, అమ్మమ్మల పేర్లు పిల్లలకి వరసగా పెట్టడం వాళ్ళకీ ఉందట. మా అబ్బాయి కూతురికి తన నానమ్మ పేరు, అంటే మా అత్తగారి పేరు పెట్టుకున్నాడు. నాకొచ్చింది చిక్కు. అత్తగారి పేరు నోట పలకడమెలా? బుజ్జీ, తల్లీ, బంగారం అని ఏదొస్తే అదే పిలిచేదాన్ని. ఇది చెబుతూ కోడలు నవ్వింది గానీ ఆయన నవ్వలేదు. వాళ్ళ దేశంలో ఒక వంశం పేరు పలికితే ప్రాణం తీస్తామని రాజు ఆజ్ఞ ఇచ్చాడట. ఆ వంశంవాళ్ళు తరాల తరబడి వేరే పేర్ల చాటున బతికారట. వాళ్ళే తన పూర్వులట.

"మమ్మల్ని రాజు వద్దన్నాడు. మిమ్మల్ని ఎవరు వద్దన్నారు?" అని అడిగారు. ఎవరూ అనలేదు, మా అమ్మా పలకలేదు, నేనూ పలకలేదు అని చెప్పించాను.

ఒక వేసవిలో వాళ్ళ వంశాల జాతరకి మమ్మల్ని తీసుకెళ్ళారు. ఆయన గళ్ళ పావడా కట్టుకుని కారు దిగితే నాకే సిగ్గేసింది. ఒక్కో వంశానికి ఒక్కో డేరా. ఆయన తనవాళ్ళతో ఊరేగింపులో నడవడానికి వెళ్ళారు. కొడుకూ కోడలూ తిండి తేవడానికి లైన్‌లో నిలబడ్డారు. అంతలో వాళ్ళ తిత్తి సన్నాయిలు ఒక్కసారిగా ఘొల్లుమన్నాయి. హడలిపోయి పిల్ల చెయ్యి వదిలి చెవులు మూసుకున్నాను. మళ్ళీ చూసేసరికి పిల్ల లేదు.

మైకు దగ్గరికి పరుగెత్తాను. మైకాయన "వాట్స్ హర్ నేమ్?" అన్నాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుసు. నోరు తెరిచాను, పేరు రాలేదు. పెద్దాయన నన్ను చూసి ఊరేగింపు వదిలేసి వచ్చి, తనే మైకులో ఆ పేరు పిలిచారు. పిల్ల రాలేదు. ఎలా వస్తుంది? మైకులో ఆయన గొంతు ఎవరిదోలా ఉంది. పేరు తెలిసినవాడు పిలిచినా పోకు, ఎత్తుకుపోతారు అని రోజూ నూరిపోసింది నేనే. ఆయన మైకు నా చేతికిచ్చి, "నానమ్మా, యూ కాల్ హర్" అన్నారు. అత్తగారికి మనసులో దణ్ణం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పేరు పెట్టి పిలిచాను. మైదానమంతా వినబడింది.

ఒక డేరాలో బల్ల కింద నుంచి పిల్ల బయటికి వచ్చింది. ఏడవలేదు. నా మొహంలోకి వింతగా చూస్తూ, "నానమ్మా, నా నేమ్ నీకు తెలుసా?" అంది.

ఆ తర్వాత దానికి జలుబు చేసినా, నేనలా పలికినందుకేనేమో అని వణికేదాన్ని. ఆయన మాత్రం కంచె దగ్గర కనబడినప్పుడల్లా ఇవాళ పిలిచారా అని అడిగేవారు. తల ఊపేదాన్ని. ఒక్కోసారి అబద్ధమే. ఆ పేరు ఇక్కడ రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

నిన్న ఆయన్ని మట్టిలో పెట్టారు. మన ఆడవాళ్ళు వెళ్ళే చోటు కాదు, కోడలు పట్టుకు తీసుకెళ్ళింది. అందరూ కార్ల వైపు నడుస్తుంటే, ఈమధ్యే చదవడం వచ్చిన పిల్ల మంచులో రాళ్ళ మధ్య తిరుగుతూ ఒక్కో రాయి మీది పేరూ పైకి చదవసాగింది. పోయినవాళ్ళని అలా పిలవచ్చో లేదో! ఆపుదామని కోటు పట్టుకున్నాను, పట్టుకునే దాని వెంట నడిచాను. ఆయన చోటికి వచ్చాం. రాయి ఇంకా పెట్టలేదు. నల్లమట్టి, పైన నాలుగు పూలు.

"నానమ్మా, ఇక్కడ రాసి లేదు. నువ్వు చెప్పు" అంది.

చెప్పాను. చలికి నా నోట్లోంచి పేరుతోపాటు తెల్లటి ఆవిరి వచ్చి, ఆ మట్టి మీద కాసేపు నిలబడింది.