కొండమ్మ గుమ్మానికి వేపమండలు

కొండమ్మ ఒంటిమీద పొలుసులు పెళ్లికి ముందునుంచే ఉన్నాయి. మోచేతులమీద, మోకాళ్లమీద తెల్లగా పొట్టు రాలేది. అంటుజబ్బు కాదని భద్రాచలం డాక్టరు చెప్పినా, ఆమె ఏరిన ఇప్పపువ్వును ఊళ్లో వేరే తట్టలో పోయించేవారు. ఆమె ఊరుకునేది కాదు. "నా పువ్వుతోని కాసిన సారా తాగేటప్పుడు యాడికి పోయినయిరా మీ నోళ్లు?" అని మొహంమీదే అడిగేది.

రెండువేల ఏడు ఎండాకాలంలో ఊరిపెద్ద పగిడయ్య వేటకుక్క ఆమె పిక్క పట్టింది. కొద్దిరోజుల్లోనే అది చొంగ కారుస్తూ చచ్చింది. పగిడయ్య దాన్ని గుట్టుగా పూడ్చడం కొండమ్మ చూసింది. అప్పటికే ఆమె నర్సు విశ్రాంతమ్మ దగ్గర కుక్కకాటు సూదులు మొదలుపెట్టింది.

రెండో సూది పడ్డాక ఒళ్లంతా ఎర్రగా కందిపోయింది. చీర తగిలితే చర్మం పొరలుగా ఊడొచ్చింది. చలిజ్వరం.

"అమ్మవారు పోసింది," అన్నాడు పగిడయ్య. ఆమె గుమ్మానికి వేపమండలు కట్టించాడు. మండలు కట్టిన ఇంట్లోని మనిషి గడప దాటకూడదు, మందు ముట్టకూడదు. కాదంటే అమ్మ ఊరిమీద పడుతుందని నమ్మకం.

మూడో సూదినాడు విశ్రాంతమ్మ వస్తే పగిడయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"నీ సూదే గదమ్మా దాని తోలు వలిచింది. మల్ల వొచ్చినవా?"

"పిచ్చికుక్క కరిచిందయ్యా. సూదులు ఆపితే సస్తది."

"ఏ కుక్క? నా కుక్క అడివిల తప్పిపోయింది."

లోపలినుంచి కొండమ్మ అరిచింది. "నర్సమ్మా! సూదేసెటప్పుడు నా పొలుసులు కండ్లవడ్డయి గద, ఒక్క మాటన్నా అడిగినవా?"

"అడగలే," అంది విశ్రాంతమ్మ, తల వంచుకుని. "సంగతి తెల్వంగనే డాక్టర్‌ను అడిగిన. సూదికి పొలుసుల జబ్బు ఎగదన్నినట్టుందన్నడు. దవాఖానాల పండవెట్టి తోలుకు మందిస్తరంట. సూదులు మాత్రం ఆపొద్దన్నడు."

"ఈ మంటకు నేను బతుకుతనా?"

"మంటకు మందున్నది. కుక్క రోగం లేస్తే లేదు."

కొండమ్మ నర్సును తిట్టింది, సూదిని తిట్టింది. తిడుతూనే గడపమీదికొచ్చి వేపమండలు తెంపింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఇంద, పగిడయ్యా," అని అతని కాళ్లముందు పారేసింది. "నీ దొడ్డెనక కుక్కను పూడ్చినవు గద, ఆడ కట్టుకో."

"మల్ల ఈ ఊళ్లె అడుగు వెట్టకే!"

"సూదులైనంక వస్త. నా పువ్వుకు తట్ట కడిగి పెట్టు."

దవాఖానాకు తీసుకుపోయే ఆటో డ్రైవరు బిచ్యా ఆమెను చూసి సీటుమీద గోనెసంచి పరిచాడు. కొండమ్మ దాన్ని లాగి బయటపడేసి కూర్చుంది. విశ్రాంతమ్మ ఆనుకుని కూర్చోబోయింది.

"జర జరుగు," అంది కొండమ్మ. "మండుతాంది."