ఎకరం బహుమానం

నాకు ఇరవై ఎనిమిదెకరాల నల్లరేగడి ఉంది. తెలివి మాత్రం ఎకరానికి సరిపడా కూడా లేదని, మమ్మల్ని మైసూరు రాష్ట్రంలో కలిపిన ఆరో ఏట మా కుశనూర్ ఊరు మొత్తానికీ తెలిసింది.

ఆ ఏడు గ్రామసేవక్ జయానందం జొన్న పంట పోటీ కాగితం పట్టుకొచ్చాడు. ఎకరానికి ఎవరిది ఎక్కువ పండితే వాళ్లకు బహుమానం. ఇదే రాష్ట్రంలో దక్షిణాన మండ్య దిక్కు కాలువ కింది రైతుకు ఉండేదే ఎకరం, రెండెకరాలు. వాళ్లకు ఆ లెక్క సరిపోతుంది.

"నీకున్న పొలంల ఒక్క ఎకరం సూపియ్యి, చాలు," అన్నాడు జయానందం.

ఆ "చాలు" నాకు భలే నచ్చింది. ఇంటి పెంట ఎరువంతా ఆ ఎకరానికే తోలాను. రెండు జతల ఎడ్లు, నలుగురు కూలీలు, నేను, అందరం అక్కడే. నా భార్య అంబమ్మ గట్టు మీద నిలబడి మొత్తుకుంది.

"ఏమయ్యా, నేల తడి ఆరుతాంది. మిగిలిన చేన్లల్ల ఎప్పుడు ఇత్తుతవ్? పిల్లలు ఏడాదంత ఏం తినాలె?"

"ఆగరాదే, బహుమానం వస్తాంది!" అన్నాను. బహుమానాన్ని రొట్టెలు కొట్టుకు తింటారనుకున్నానేమో!

పోటీలో నేనే మొదటివాణ్ణి. గట్టు మీదే దండ వేశారు, ఫోటో తీశారు, బహుమానమంటే అంతే. ఆ ఎకరం జొన్నలు కూలీల బాకీకే చెల్లిపోయాయి. తడి ఆరాక విత్తిన ఇరవై ఏడెకరాల కోత మాత్రం రెండు రోజుల్లో ముగిసింది. కోయడానికేముంది గనక! బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత. అంబమ్మ కొడవలి తీసుకుని పొరుగు రైతు ఖండప్ప చేనుకు కోత కూలికి వెళ్లింది. కూలి జొన్న కంకులు. తల వంచుకుని నేనూ వెళ్లాను.

కూలికెళ్లిన మూడో రోజే జయానందం జీపులో మండ్య రైతులను తెచ్చాడు, జిల్లాలో మొదటి రైతును చూపిస్తానని. నేను నెత్తిన కూలి మోపుతో ఎదురయ్యాను.

"ఈయననే సాబ్, ఫస్టు రైతు! ఇయ్యాల నా దగ్గర కూలికొచ్చిండు," అన్నాడు ఖండప్ప సంబరంగా.

"గా ఎకరం సూసినంక మిగిలినయి గూడ సూపియ్యి," అంది అంబమ్మ నాతో.

చచ్చినట్టు తీసుకెళ్లాను. వాళ్లలో గుండప్ప అనే ముసలాయన ఉన్నాడు. ముగ్గురన్నదమ్ములకూ కలిపి రెండెకరాలట. నా చేనులో కూర్చుని పిడికెడు మట్టి తీసుకున్నాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఆయన కళ్లలో నీళ్లు.

"ఇంత నేల మాకుంటే మా తమ్ముళ్లు ఊరు విడిచి పోయేవాళ్లు కాదయ్యా," అన్నాడు కన్నడంలో.

నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. జీపు వెళ్లిపోయాక కూడా అక్కడే నిలబడ్డాను.

"ఇగ పా," అంది అంబమ్మ. "ఖండప్ప చేను ఇంక సగమున్నది."