లోకనాథం మోకాలు చూడబోయిన ప్రయాణం

అరవైఏడు ఎన్నికలు ముగిసి, గోడల మీద రాతలు ఇంకా వెలిసిపోని రోజులు. వాల్తేరు స్టేషనులో ఉదయం ఆరుంబావుకు పాసింజరు బండి ఎక్కాను. టెక్కలి, పలాస, ఉద్దానం వైపు వెళ్లదలచుకున్నవాళ్లకు ఇదే నయం. ఆలస్యంగా నడుస్తుంది గానీ కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. ఇంజను వైపు మొహం పెట్టి మాత్రం కూర్చోకండి. విజయనగరం చేరేలోగా కళ్లలో బొగ్గునుసి పడుతుంది. నేను ఆ పొరపాటు చేసి, చీపురుపల్లి దాకా కళ్లు నులుముకుంటూనే ఉన్నాను.

అంతకన్నా పెద్ద పొరపాటు ఒకటి చేశాను. ఈ ప్రయాణం దానికోసమే.

విశాఖపట్నంలో ఒక బడి మేడమీది హాల్లో పన్నెండేళ్లుగా ఆసనాలు నేర్పుతున్నాను. ఉదయం ఐదున్నరకు మొదలు, ఏడింటికి ముగింపు. పోర్టు గుమస్తాలు, ఇద్దరు స్కూలు మేస్టర్లు, ఒక మిఠాయికొట్టు యజమాని, రిటైరైన తాసీల్దారు గారొకరు, అంతా కలిసి పన్నెండుమంది. ఎవరి తుంగచాప వాళ్లు చుట్టి గోడకు ఆనించి, కిందికి దిగి ఎదురు హోటల్లో ఇడ్లీ తింటాం. బదిలీలు, పిల్లల జ్వరాలు, అత్తగారి సణుగుళ్లు అన్నీ అక్కడే బయటపడతాయి. ఒకరింట్లో కష్టమొస్తే మిగతావాళ్లందరూ సాయంత్రానికి ఆ గుమ్మంలో ఉంటారు. మేడమీద మాత్రం గురువంటే గురువే. నాకు నోరెక్కువ, ఓర్పు తక్కువ. ఆసనాలు నేర్పేవాడికి రెండూ పనికిరావు.

లోకనాథం ఆ పన్నెండుమందిలో ఒకడు. ముప్పై ఏళ్లవాడు. ఓడలోంచి దిగే సరుకు పద్దు రాసే గుమస్తా. రోజుకు పదిసార్లు ఓడ నిచ్చెన ఎక్కి దిగితే గానీ వాడి ఉద్యోగం సాగదు. రెండు నెలల క్రితం మా వార్షికోత్సవానికి అందర్నీ ఒకే వరసలో పద్మాసనం వేయించి కూర్చోబెడదామనుకున్నాను. పదకొండుమందికి మోకాళ్లు నేలకు ఆనాయి. లోకనాథం ఎడమ మోకాలు జానెడు పైకి లేచి ఉంది. "ఏమయ్యా, నీ ఒక్కడిదే ధ్వజస్తంభమా?" అని, రెండు చేతులూ ఆనించి, నా ఒంటి బరువంతా వేసి నొక్కాను. అరచేతి కింద ఏదో టక్కుమంది. వాడి మొహం పాలిపోయింది.

"నొప్పా?" అన్నాను.

"అబ్బే, లేదు మాస్టారూ," అన్నాడు. ఏడింటిదాకా అలాగే కూర్చున్నాడు.

మూడో రోజునుంచి రాలేదు. ఇంటినుంచి కార్డు రాశాడు. ఓడ నిచ్చెన మీద కాలు జారిందట, ఊళ్లో కట్టు కట్టించుకుంటున్నాడట, నా ఆశీర్వాదం కావాలట! హోటల్లో అందరూ "పాపం, నిచ్చెన మీంచి జారాడట" అంటే నేనూ తలాడించాను. తాసీల్దారు గారొక్కరే ఇడ్లీ తినడం ఆపి నావైపు చూశారు. ఆ చూపుతో వారాల తరబడి వేగాను. ఇంతలో వాడి ఆఫీసు మిత్రుడొకడు చెప్పాడు, నెలాఖరుతో లోకనాథం సెలవు ఆఖరు, నిచ్చెన ఎక్కలేనివాణ్ణి ఇక ఉంచుకోరని. నెలాఖరుకు ఇంకా ఇరవైనాలుగు రోజులున్నాయి. ఆ సాయంత్రమే సంచీ సర్దాను.

బండిలో నా ఎదుట చొక్కా జేబుకు రెండు కలాలు తగిలించుకున్న బడిపంతులు కూర్చున్నారు. ఏం చేస్తుంటారని అడిగారు. అలా అడిగితే నన్ను ఆపడం కష్టం. "నా తరగతిలో సూది పడితే వినబడుతుందండీ. పన్నెండేళ్లలో ఒక్కడూ కుయ్యిమనలేదు!" అన్నాను. ఆయన తనకు నడుంనొప్పి అన్నారు. మాట పూర్తికాకముందే భుజంగాసనం, శలభాసనం అని చీటీ మీద రాసి చేతిలో పెట్టాను. ఎక్కడికి ప్రయాణమని అడిగితే, "శిష్యుడొకడు జారిపడ్డాడు, చూసొద్దామని," అన్నాను. అబద్ధం మళ్లీ ఎంత సులువుగా వచ్చిందో!

పన్నెండు దాటాక నౌపడాలో దిగాను. స్టేషను అవతల ఉప్పుమళ్లు తెల్లగా కళ్లలో గుచ్చుకున్నాయి. టెక్కలికి ఇక్కడ చిన్నబండి మారాలి. దాని తీరు దానిదే, తొందరపడేవాళ్లు ఎక్కకపోవడం మంచిది. అది కదిలేలోగా నాలుగు ప్రాణాయామాలు చేద్దామని ఒక ముక్కుపుటం మూసి కళ్లు మూసుకున్నాను.

"నా సేపల కంపని ముక్కు మూసుకుంతన్నావేటి బాబూ?" అని వినబడింది. కళ్లు తెరిస్తే పక్కన ఎండుచేపల గంపతో ఒకామె.

"కాదమ్మా, ఇది ప్రాణాయామం."

"ఏటో, నాకు తెల్దు. ముక్కు మూసుకున్నోడు మూసుకున్నోడే!" అంది. పెట్టెంతా నవ్వింది. మిగిలిన దారంతా రెండు ముక్కులూ తెరుచుకునే కూర్చున్నాను.

లోకనాథం కార్డు మీద ఉన్న చిరునామా టెక్కలిలో వాళ్ల అన్నగారిది. పేరు కామేశం, ప్రాథమిక పాఠశాలలో మేస్టరు. నన్ను చూసి ఆయన కంగారుపడిపోయి, తన కుర్చీ నాకు వేసి తాను నిలబడ్డారు. భోజనంలో మునక్కాడల పులుసు, వడియాలు. లోకనాథం ఉద్దానంలో, సముద్రం దాపున సొంత ఊళ్లో అమ్మ దగ్గర ఉన్నాడట. ఆ రాత్రికి వాళ్ల అరుగే నా బస.

"మా ఊళ్లో బైరాగి తాత కట్టు కట్టాడంటే పదిహేను రోజుల్లో లేచి నిలబడాలండి. తమ్ముడికి మూడు కట్లు మార్చాడు. ఇదేటో కుదరట్లేదు. మీరొచ్చారు, ఇంక మాకు ధైర్యం," అన్నారు కామేశం. నేను ఇంకో వడియం అడిగి మాట మార్చాను.

మర్నాడు ఆరున్నర బస్సుకు పలాస చేరాను. కాశీబుగ్గలో బస్సులు ఆగే చోట టీ పదిహేను పైసలు, చిక్కగా బాగుంది. జీడిపిక్కలు కాల్చే పొగ ఊరంతా కమ్ముకుని ఉంది. షెడ్ల ముందు ఆడవాళ్లు గొంతుకూర్చుని పిక్కలు కొడుతున్నారు. జీడి అంటకుండా చేతులకు బూడిద పూసుకున్నా వేళ్లు నల్లబడే ఉన్నాయి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అలా కూర్చునేవాళ్లకు నేను నేర్పగలిగిన ఆసనం ఏదీ నాకు తోచలేదు.

తొమ్మిదింటికి సముద్రం వైపు బస్సు. దిగాక మైలు నడక, అంతా ఇసుక. చెప్పులు చేత్తో పట్టుకోండి, హాయిగా ఉంటుంది. రెండువైపులా కొబ్బరి, పనస, మధ్యమధ్య ఎర్రగా పసుపుగా పండిన జీడిమామిళ్లు. ఇంత చక్కని చోటు మనవైపు ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే కట్లకోసం జనం వచ్చిపడతారని బైరాగి తాత ఒట్టు పెట్టించుకున్నాడు.

పదకొండు కావస్తుండగా ఇల్లు దొరికింది. లోకనాథం పంచలో నులకమంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, మంచంకోడు పట్టుకుని ఆగిపోయాడు. వాళ్లమ్మ నీలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్లమీద పోసింది.

"గురువుగారొచ్చేసినారు. ఇంకేటి బయం నేదు. సూడు బాబూ, మా గుంటడి కాలు నువ్వే నిలబెట్టాల," అంది. నాకు అక్కణ్ణుంచి పారిపోదామనిపించింది.

ఆ రోజు కట్టు మార్చే రోజు. బైరాగి తాత అప్పటికే వచ్చి కూర్చున్నాడు. డెబ్భై దాటినవాడు, సన్నగా, చేతివేళ్లు మాత్రం లావుగా ఉన్నాయి. పాత కట్టు విప్పి మోకాలంతా తడిమాడు. విప్పిన వెదురుబద్దలు పక్కన పెట్టి, కొత్త కట్టు మొదలుపెట్టకుండా చేతులు కట్టుకున్నాడు.

"పడితే సిప్ప మీద దెబ్బుండాల. సిప్ప బాగుంది. నొప్పేమో లోపక్కన అంతన్నాడు. ఈడు పడ్డానన్నాడని ముందూ ఎనకా బద్దలేసి మూడుసార్లు కట్టినాను. ఎలగ తగిలిందో నిజం సెప్తేనే నా కట్టు. మా తాతకాణ్ణుంచి అదే లెక్క. ఇయ్యాల సెప్పకపోతే నాను ముట్టను, బరంపురం ఆసుపత్రికి అట్టుకుపొండి."

"నిచ్చెన మీద జారాను తాతా," అన్నాడు లోకనాథం. అంటూ నావైపు చూసి, ఎవరికీ కనబడకుండా తల అడ్డంగా ఆడించాడు. చెప్పొద్దని! వాడి కాలు పోతున్నా, ఉద్యోగం పోతున్నా, అమ్మ ముందు నా పరువు పోకూడదని!

సిగ్గుతో నా ఒళ్లంతా మండిపోయింది. రెండు నెలలుగా ఆ ముసలాయన చేత తప్పు కట్టు కట్టిస్తున్నది వాడి అబద్ధం కాదు, నా మౌనం.

"జారలేదు తాతా," అన్నాను. "పద్మాసనం వేయించి నేను నొక్కాను. టక్కుమనడం నా చేతికి తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను."

నీలమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"నువ్వా బాబూ?" అంది చివరికి. "నీ కాళ్లు కడిగీసినాను గదా!"

బైరాగి తాతకు నా పశ్చాత్తాపంతో పనిలేకపోయింది. "ఎలగ నొక్కినావో నాకు తెలియాల. కూకో," అన్నాడు. అక్కడే చాపమీద పద్మాసనం వేసుకుని కూర్చున్నాను. తాత నా ఎడమ మోకాలి కింద తన పాదం పెట్టి జానెడు ఎత్తాడు. పాదం తీసేసి, రెండు చేతులతో పైనుంచి అదిమాడు. మోకాలి లోపల ఎవరో సూదితో కెలికినట్టయింది.

"అబ్బా! చాలు, చాలు!" అని కేకపెట్టాను. గుమ్మం దగ్గర చేరిన ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. తాత నవ్వలేదు.

"సూసినావా? నాను ఇలగ సెయ్యేసీసరికే అరిసీసినావు. మావోడికి నోరు నేదేటి?"

"గురువుగారు కదా తాతా. అరిస్తే బాగోదని," అన్నాడు లోకనాథం తల వంచుకుని.

"బాగోదా? కాలు ఇరగ్గొట్టించుకుంతే బాగుంతాదేటిరా!" అని నీలమ్మ కొడుకు మీద విరుచుకుపడింది. ఆ కోపం నాకు చెందాల్సిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"సేతులు కట్టుకుని కూకోకు, పిండి కలుపు," అన్నాడు తాత నాతో. కోడిగుడ్ల తెల్లసొనలో మినపపిండి కలిపి ఇచ్చాను. ఈసారి బద్దలు మోకాలికి రెండు పక్కలా పెట్టి కట్టాడు. కట్టడం అయ్యాక తీర్పు చెప్పాడు. ఇరవైయొక్క రోజులు కదపకూడదు. నెలాఖరుకు మెట్లు ఎక్కుతాడు, నిచ్చెనా ఎక్కుతాడు. బాసింపట్టు వేసుకుని మాత్రం ఈ జన్మకు కూర్చోలేడు. రెండు నెలల ముందే నిజం తెలిసుంటే అదీ కుదిరేదట.

ఉద్యోగం నిలబడింది కదాని ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. లోకనాథం మాత్రం నా చెయ్యి పట్టుకుని, "అయితే నేను తరగతికి రాకూడదా మాస్టారూ?" అని అడిగాడు. నేను ఏడ్చాను. రాయడానికి సిగ్గుపడను. "బల్ల వేయిస్తానయ్యా, నువ్వు రా," అన్నాను.

భోజనం పెట్టారు. నీలమ్మ వడ్డించింది గానీ నాతో మాట్లాడలేదు. మూడింటి బస్సుకు బయల్దేరితే, ఏమనుకుందో, కొంగులో జీడిమామిడిపళ్లు పోసుకుని రోడ్డుదాకా వచ్చింది. పళ్లు నా సంచీలో వేసి అడిగింది:

"నీ కాడ ఇంకెంతమంది కూకుంతారు బాబూ?"

"పదకొండుమందమ్మా."

"ఆళ్లలో ఎవులైనా నొప్పెడితే అరుత్తారా?"

బస్సు వచ్చింది. పళ్ల సంచీ పట్టుకుని ఎక్కాను.

పలాసలో సాయంత్రం నాలుగున్నరకు వాల్తేరు పాసింజరు దొరికింది. ఈసారి ఇంజనుకు వీపు పెట్టి కూర్చున్నాను. పదకొండుమందీ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. మిఠాయికొట్టు ఆయన హలాసనంలో పళ్లు బిగపడతాడు. తాసీల్దారు గారు లేచేటప్పుడు ఎవరూ చూడకుండా గోడ పట్టుకుంటారు. చిన్న మేస్టరు కళ్లలో నీళ్లు తిరిగితే చెమట తుడుచుకున్నట్టు తుడుచుకుంటాడు. ఇవన్నీ నేను రోజూ చూసినవే. అందరిదీ క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాను.

కోటబొమ్మాళిలో ఒక నడివయసు రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. కూర్చుంటూ నడుం పట్టుకుని "అమ్మా" అన్నాడు.

"ఏటి సేత్తుంతావు బాబూ?" అని అడిగాడు.

"ఆసనాలు నేర్పుతానండీ."

"అలగైతే నా నడుముకి ఏదైనా సెప్పు బాబూ."

చెయ్యి అలవాటుగా కలం కోసం జేబులోకి వెళ్లింది. ఉత్త చెయ్యి బయటికి తీసి, "ఎక్కడండీ నొప్పి?" అని అడిగాను. పన్నెండేళ్లలో నేనెవర్నీ ఆ మాట అడిగి, జవాబు కోసం ఆగలేదు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పొందూరు వచ్చినా ఇంకా చెబుతూనే ఉన్నాడు. నేను వింటూ కూర్చున్నాను.