పేరు చూసి గుండె చదివిన డాక్టరు

అరవైల మొదట్లో నెల్లూరులో మా ఆసుపత్రికి గుండె కొట్టుకోవడాన్ని కాగితం మీద గీసే ఈసీజీ యంత్రం వచ్చింది. దాన్ని రైల్లోంచి దించిన కూలీల్లో ఒకడు ఆ బరువుకి జానెడు పొట్టివాడైపోయాడని నేను ఊరంతా చెప్పాను. నలుగురు నమ్మారు కూడా.

దాన్ని నడపడం నా ఉద్యోగం. చేతులకీ కాళ్లకీ పట్టీలు బిగించి, తీగలు తగిలించి, వచ్చిన కాగితాన్ని కత్తిరించి అట్టకు అంటించాలి. పైన రోగి పేరు రాసి పెద్ద డాక్టరుగారికి ఇవ్వాలి. ఆయన ముందు పేరు చదివేవారు. పేరు బరువైనదైతే కళ్లజోడు పెట్టుకుని గీతలు చూసేవారు. తేలికైనదైతే కళ్లజోడు జేబులోనే ఉండేది.

ఒకరోజు పొద్దున మైపాడు నుంచి ఒక బెస్తాయన్ని భార్య తీసుకొచ్చింది. కాగితం బయటికి వస్తుంటేనే నాకు తెలిసిపోయింది. కిందికి దిగాల్సిన గీత దిగకుండా కొండలా లేచి నిలబడింది. గుండెపోటే. డాక్టరుగారు పేరు చదివి, అట్ట అవతల పడేసి, "వాయువు. సోడా తాగి ఇంటికి పొమ్మను" అన్నారు.

ఆమె నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అన్నా, వల లాగతా లాగతా కూలబడినాడు. ఇంటికి పొమ్మంటాడేందన్నా? బస్సులోనే ప్రాణం పోతాదేమో!"

"పోబాకమ్మా. ఆయన్ని బల్ల మీంచి లెయ్యనీబాక" అన్నాను.

ఆ రోజే కోవూరు మోతుబరి ఒకాయన కూడా వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఏ జబ్బూ లేకుండానే నెలనెలా వచ్చి గీయించుకునేవాడు. ఒక కాగితానికి అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు కూడా. ఆ పూట ఆయనకి గీసిన అట్ట పక్కన పెట్టి, బెస్తాయన గీతల్నే ఊడదీసి కొత్త అట్టకు అంటించి, పైన మోతుబరి పేరు రాసి తీసుకెళ్లాను.

కళ్లజోడు బయటికొచ్చింది. "అయ్యయ్యో! ఇంత పోటుతో ఆయన ఇంకా కూర్చునున్నారా? స్ట్రెచర్! ఆక్సిజన్! మంచం సిద్ధం చెయ్యండి!"

నర్సులు పరుగెత్తారు. ఇద్దరు వార్డు మనుషులు మోతుబరిని ఎత్తి పట్టుకున్నారు.

"ఏందిరా ఇది! దించండిరా, నా పంచె ఊడతా ఉండాది!"

అప్పుడు నేను మెల్లగా అన్నాను. "సార్, అట్ట మారింది. ఇది ఈయనది కాదు. మీరు సోడా తాగమన్నారే, ఆ మైపాడు ఆయనది."

అందరి ముందూ చెప్పిన మాట మింగలేక డాక్టరుగారు నామీద అరిచారు. "అయితే చూస్తా నిలబడ్డావేమయ్యా? ఆయన్నే ఎక్కించండి!"

"అంటే నాకేమీ లేదా?" అన్నాడు మోతుబరి, ముఖం చిన్నబుచ్చుకుని.

"నిక్షేపంగా ఉన్నారు."

"నెలనెలా వచ్చేవాణ్ణి నేనుండంగా, చేపలు పట్టేవోడికి మంచమా!" అంటూ పంచె సర్దుకుని వెళ్లిపోయాడు.

బెస్తాయన ఆరు వారాలు కదలకుండా పడుకుని లేచాడు. ఇంటికి వెళ్లేరోజు భార్యాభర్తలు దండం పెడితే, డాక్టరుగారు కొత్తగా వచ్చిన నర్సుల ముందు గొంతు సవరించుకున్నారు. "గీత చూడగానే పట్టేశాను. ఒక్క చూపు చాలు నాకు."

ఆమె గుమ్మం దాటాక నన్ను అడిగింది. "ఈయన ఎప్పుడూ ఇంతేనా అన్నా?"

"ఈరోజు కొంచెం నయం" అన్నాను.