ఫోన్ రాని సగం

మేడమ్‌కి పేరు తెచ్చిపెట్టింది టెలిఫోను. ప్రాణం తీసుకోబోయి బతికి ఇంటికెళ్ళినవాళ్ళకు, ఆస్పత్రి నుంచి నెలనెలా ఫోన్ చేసి "ఎలా ఉన్నారు?" అని అడిగితే చాలామంది నిలదొక్కుకుంటారని ఆవిడ నమ్మకం. మనస్తత్వ శాస్త్రంలో నమ్మకం ఎవడిక్కావాలి, రుజువు కావాలి. అందుకని పరిశోధనలో చేరినవాళ్ళను చీటీలు తీసినట్టు రెండు సగాలు చేసింది. ఒక సగానికి వైద్యంతోపాటు ఫోన్. రెండో సగానికి వైద్యం మాత్రమే. ఆ సగంతో తన బృందంలో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడితే తేడా తేలదు. ఆ నియమం పెట్టిందీ ఆవిడే, కంటికి రెప్పలా కాపాడిందీ ఆవిడే.

ఒకరోజు రెండో సగంలోని ఒకమ్మాయి తనే ఫోన్ చేసింది. ఆస్పత్రిలో ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని మాట్లాడి పరిశోధనలో చేర్చుకుంది మేడమే. అసిస్టెంటు రిసీవరు చేత్తో మూసి, "మీతో ఒక్క మాట మాట్లాడాలంటోంది మేడమ్" అన్నాడు.

"ఏ గ్రూపు?" అని అడిగింది. విని, "హెల్ప్‌లైన్ నంబరివ్వు. మనం మాట్లాడకూడదు" అంది.

ఆ నంబరుకు చేసిందో లేదో తెలియదు. కొన్నాళ్ళకు ఆ అమ్మాయి చనిపోయిందని మాత్రం తెలిసింది.

రుజువు దొరికింది. ప్రొఫెసర్ పదవీ, సన్మానాలూ వచ్చాయి. "లోకమంతటికీ ఫోన్లు చేయిస్తావు, తోడబుట్టినదాన్ని నేనే కనబడను" అని చెల్లెలు దెప్పితే మేడమ్ నవ్వేసేది. సభల్లో రెండో సగం గురించి ఎవరైనా అడిగినప్పుడు మాత్రం మంచినీళ్ళ గ్లాసు అందుకునేది.

మేడమ్ రిటైరయ్యే ఏడాది, ఆ నియమం సంగతి ఇన్నాళ్ళకు ఎవరో చెప్పగా విని, ఆ అమ్మాయి తల్లి వెతుక్కుంటూ గదికొచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది.

"మా అమ్మాయి మీకు ఫోన్ చేసిందటండీ. వేరే నంబరిచ్చారట."

"అవునమ్మా."

"ఒక్కసారి మాట్లాడితే మీ పని పాడైపోయేదా?"

మేడమ్ దగ్గర జవాబులకు కొదవలేదు. ఆ నియమానికి ఆస్పత్రి కమిటీ అనుమతి ఉంది. ఫోన్ పనిచేస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ రుజువువల్లే ఇవాళ ఎన్నో ఆస్పత్రులు ఫోన్లు చేస్తున్నాయి. అన్నీ నిజాలే, అన్నీ కంఠతా వచ్చు. సిగ్గేసి అన్నిటినీ పక్కన పెట్టింది.

"లేదమ్మా. ఒక్కరితో మాట్లాడితే ఏమంత తేడా వచ్చేది కాదు. అప్పుడూ నాకు తెలుసు."

తల్లి సంచీ తీసుకుని లేచింది.

"అది మిమ్మల్ని ఒక్క మాటా అనలేదండీ. 'మేడమ్‌కి తీరిక లేదేమోనమ్మా, లేకపోతే మాట్లాడేవారే' అంది."